జపానులో చూసినవి: నేర్చుకోదగినవి, నేర్చుకోరానివి

(జంషెడ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు వారాలు జపాను దేశంలో పర్యటించి వచ్చిన నన్ను అక్కడి విశేషాలు చెప్పవలసిందిగా శాఖా కార్యదర్శి ఆదేశించారు. ఏబది ఏళ్ళు దాటిన తరువాత నేను చేసిన తొలి విదేశ ప్రయాణమిది. కనుక ఆ దేశాన్ని చదివిన పండితునివలె గాక, కొత్తగా చూసినవానివలె మాట్లాడతాను. అయితే వింతలు చెప్పి మిమ్మల్ని వినోదపరచి ముగించడం నా ఉద్దేశం కాదు. మన దేశంలో ఏ అధికారికైనా కార్మికుణ్ణి తప్పు పట్టాలనిపించినప్పుడల్లా "జపానును చూడండి" అనడం అలవాటైపోయింది. 2023లో ఒక ప్రముఖ పారిశ్రామికవేత్త, యుద్ధానంతర జర్మనీ, జపానులను ఉదాహరించి, మన యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలని సెలవిచ్చారు. సరే, ఆ జపానును చూసి వచ్చాను. చూసినది చూసినట్లు మీ ముందుంచుతాను.

జపాను పేరు ఈ ఊరికి కొత్తది కాదు. ఏ మహనీయుని పేర ఈ పట్టణం వెలసిందో, ఆ జంషెట్జీ టాటా 1893లోనే జపాను వెళ్ళారు. బొంబాయి పత్తిని కోబే రేవుకు చేరవేయడానికి నిప్పన్ యూసెన్ కైషా అనే ఓడల సంస్థతో ఏర్పాటు చేసుకున్నారు. యోకొహామా నుండి వాంకూవరుకు సాగిన ఓడలో ఆయనకు స్వామి వివేకానందునితో సంభాషణ జరిగింది కూడా ఆ సంవత్సరమే. మన కాలంలో, 2008లో, ఇక్కడి ఉక్కు సంస్థకు జపానువారి డెమింగ్ బహుమతి లభించింది. 'కైజెన్', 'ఫైవ్ ఎస్' వంటి మాటలు ఇప్పుడు సాక్చి టీ కొట్ల వద్ద కూడా వినబడతాయి. కాని మనకు చేరినవి యాజమాన్యాలు ఏరి తెచ్చిన మాటలు. ఆ దేశపు కార్మికుని నోటి మాట మనకు అంతగా చేరలేదు.

ముందుగా తొలి అనుభవాలు. మా వసతి గృహంలో గడప దగ్గరే చెప్పులు విడవాలి. ఇది మన ఇంటి ఆచారమే గనుక సంతోషించాను. లోపల తిరగడానికి మెత్తని చెప్పులు ఇస్తారు. చాపలు పరచిన గదిలో వాటినీ విడవాలి. మరుగుదొడ్డికి వేరే జత ఉంటుంది. మొదటి రాత్రి నేను ఆ మరుగుదొడ్డి చెప్పులతోనే భోజనాల గదిలోకి నడిచి వచ్చాను. అక్కడున్నవారిలో ఒక్కరూ నవ్వలేదు. ఆ ఇంటి పెద్దావిడ మోకాళ్ళపై కూర్చుని, సరైన జతను నా పాదాల ముందుంచి, తల వంచి నమస్కరించింది. చీవాట్లు తిని ఉంటే మరునాటికి మరచిపోయేవాణ్ణేమో! ఆ నమస్కారాన్ని మాత్రం మరువలేను. తప్పును సరిదిద్దడానికి మనిషిని కించపరచనక్కరలేదని ఆమె మాట లేకుండానే బోధించింది. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి. మరల దీని దగ్గరకు వస్తాను.

భోజనానికి ముందు వారు చేతులు జోడించి 'ఇతదాకిమాసు' అంటారు. వినయంతో స్వీకరిస్తున్నానని దాని భావం. ఎండు చేపను మరిగించిన నీరు దాదాపు ప్రతి పులుసులోనూ ఉంటుంది గనుక మా బృందంలోని శాకాహారులకు కష్టమైంది. తెల్లని అన్నం, ఉప్పులో ఊరవేసిన 'ఉమే' కాయలతో వారు రోజులు గడిపారు. ఆ పులుపు నాలుకకు తగలగానే శ్రీకాకుళంలోని తన తల్లిగారి ఊరగాయ జాడీ తలపుకు వచ్చిందని ఒక మిత్రుడు చెప్పాడు.

అన్నిటికన్న నా మనసును తాకినది ఒక పలకరింపు. పని ముగించి వెళ్ళే సహోద్యోగితో వారు 'ఒత్సుకారెసామా' అంటారు. "మీరు అలసిపోయారు" అనే గుర్తింపు, అందుకు కృతజ్ఞత ఆ ఒక్క మాటలో ఉన్నాయి. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన గార్డుకు, గ్యాంగ్‌మన్‌కు, మెయిలు సంచులు మోసిన సోదరునికి మనం ఎన్నిసార్లు ఆ మాట చెప్పాము? అధికారులు చెప్పలేదని నిందించే ముందు మనలో మనమైనా చెప్పుకున్నామా?

ఇక రైళ్ళ సంగతి. 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల నడుమ షింకాన్‌సెన్ ప్రారంభమైంది. నాటి నుండి పట్టాలు తప్పడం వలన గాని, ఢీకొనడం వలన గాని ఆ రైళ్ళలో ఒక్క ప్రయాణికుడూ మరణించలేదు. టోక్యో స్టేషనులో రైలు తిరిగి బయలుదేరే లోగా, శుభ్రపరచేవారికి దక్కే వ్యవధి 7 నిమిషాలు. ఆ లోపలే సీట్లు తిప్పి, తుడిచి, చెత్త ఏరి, వరుసగా నిలిచి ప్రయాణికులకు తల వంచుతారు. దీనిని మన అధికారులు ఎంతో మెచ్చుకుంటారు. అయితే ఆ పని కొద్దిమంది చేతుల మీదుగా జరగడం లేదు. పెట్టె పెట్టెకు మనుషులున్నారు. ఖాళీలు నింపకుండా, ముగ్గురి పని ఒకరి చేత చేయిస్తూ, 7 నిమిషాల అద్భుతాన్ని కోరడం న్యాయం కాదు.

డ్రైవరు సిగ్నలును వేలితో చూపి, దాని స్థితిని పైకి పలకడం అక్కడ నియమం. కంటితో చూడాలి, చేతితో చూపాలి, నోటితో పలకాలి, చెవితో వినాలి. ఈ పద్ధతి ఆవిరి ఇంజన్ల కాలంలోనే పుట్టింది. దీనివలన పొరపాట్లు దాదాపు ఆరవ వంతుకు తగ్గినట్లు 1990ల నాటి అక్కడి రైల్వే పరిశోధనలో తేలింది. మన లోకో పైలట్లకూ సిగ్నలు పలికే నియమమున్నది. 2023 జూన్ 2న మన ఆగ్నేయ రైల్వేలోనే, బాలాసోర్ సమీపాన బహనగా బజార్ వద్ద 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. విచారణలో బయటపడినది సిగ్నల్ వైర్ల మార్పిడిలో జరిగిన లోపం. అటువంటి లోపాన్ని డ్రైవరు వేలు ఆపలేదు. క్యాబిన్‌లోనూ, వర్క్‌షాపులోనూ, రిలే గదిలోనూ పనిచేసే ప్రతి చేతికీ ఆ చూసి, చూపి, పలికే అలవాటు, అందుకు తగిన సమయము ఉండాలి. ఇది మనం తప్పక నేర్చుకోదగినది.

ఇప్పుడు నాణెమునకు రెండవ వైపు. ఒసాకా సమీపాన అమగసాకి అనే పట్టణమున్నది. 2005 ఏప్రిల్ 25 ఉదయం అక్కడ ఒక రైలు వంపులో పట్టాలు తప్పి అపార్ట్‌మెంటు భవనంలోకి దూసుకుపోయింది. డ్రైవరుతో సహా 107 మంది చనిపోయారు, 562 మంది గాయపడ్డారు. 23 ఏళ్ళ ఆ డ్రైవరు అంతకు ముందు స్టేషనులో రైలును నిర్ణీత స్థలం దాటించి ఆపాడు. వెనుకకు తెచ్చేసరికి సుమారు 90 సెకన్లు ఆలస్యమైంది. గంటకు 70 కిలోమీటర్ల పరిమితి గల వంపులోకి రైలు 116 కిలోమీటర్ల వేగంతో ప్రవేశించింది.

90 సెకన్ల కోసం అంత భయమెందుకు? ఆ సంస్థలో పొరపాటు చేసిన వారికి 'నిక్కిన్ క్యోఇకు' అనే పేర శిక్షణ ఉండేది. శిక్షణ అనేది పేరుకు మాత్రమే. రోజుల తరబడి క్షమాపణ వ్యాసాలు వ్రాయించడం, గడ్డి పీకించడం, తోటివారి ఎదుట మందలించడం జరిగేవి. ఆ యువకుడు అంతకు ముందు ఏడాది అటువంటిదే ఒక పొరపాటుకు 13 రోజులు ఆ శిక్ష అనుభవించాడు. ఆ స్థలంలో నేడు 'ఇనోరి నో మోరి', అనగా ప్రార్థనా వనం, ఉన్నది. ఆ భవనంలో కొంత భాగాన్ని అలాగే నిలిపి ఉంచారు. దాని ముందు నిలబడినప్పుడు నాకు ఆ వసతి గృహపు పెద్దావిడ జ్ఞాపకం వచ్చింది. ఆమె చెప్పుల జత నా ముందుంచి నా తప్పును సరిదిద్దింది. నా గౌరవం నాకు మిగిల్చింది. ఆ సంస్థ తన డ్రైవరుకు భయాన్ని మాత్రమే మిగిల్చింది. రెండూ జపానే, సోదరులారా! మన అధికారులు మనకు చూపే జపాను ఏది?

తపాలా సోదరులకు కూడా అక్కడ చదవదగిన పాఠమున్నది. 1871లో మాయెజిమా హిసోకా చేతుల మీదుగా ఆధునిక తపాలా ఆ దేశంలో ఆరంభమైంది. ఒక యెన్ తపాలా బిళ్ళపై ఆయన ముఖమే ఉంటుంది. జనవరి 1 ఉదయం ఇంటింటికీ నూతన సంవత్సర కార్డుల కట్ట చేర్చడం అక్కడి పోస్టుమాన్ ఘనత. 2004 సంవత్సరానికి దాదాపు 445 కోట్ల కార్డులు ముద్రించారు. తరువాత ఆ సంఖ్య పడిపోతూ వచ్చింది. 2007 అక్టోబరు 1న తపాలా ప్రైవేటీకరణ అమలులోకి వచ్చింది. అమ్మకాల కోటా పూర్తి కాక, ఉద్యోగులు తమ జేబు డబ్బుతో కార్డులు కొని చౌకగా అమ్ముకున్న సంగతి అక్కడి పత్రికలకెక్కింది. 2019లో తపాలా బీమా శాఖలో వృద్ధులకు నష్టం కలిగించే పాలసీలు అంటగట్టిన వ్యవహారం బయటపడి, ప్రభుత్వం ఆ అమ్మకాలను మూడు నెలలు నిలిపివేయించింది. టార్గెట్ల ఒత్తిడి ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. పోస్టుమాన్‌పై ప్రజలకున్న నమ్మకమే తపాలా శాఖకు మూలధనం. కోటాల కోసం దానిని ఖర్చు చేసుకుంటే తిరిగి సంపాదించడం కష్టం.

అక్కడి కార్మికులు తల వంచి ఊరుకున్నవారని అనుకోవద్దు. 1974 మేలో మన రైల్వే సోదరులు 20 రోజులు సమ్మె చేశారు. మరుసటి ఏడాది, 1975 నవంబరు 26 నుండి 8 రోజులు, జపాను ప్రభుత్వ రంగ కార్మికులు, ముఖ్యంగా రైల్వేవారు, సమ్మె హక్కు కోసమే సమ్మె చేశారు. 1948 నుండి వారికి ఆ హక్కు లేదు. ఇచ్చటివలె అచ్చటా ఆ పోరాటం విఫలమైంది. 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను ఆరు ప్రయాణికుల కంపెనీలుగా, ఒక సరకు కంపెనీగా చీల్చారు. కొత్త కంపెనీలలో చోటు దక్కక 1990లో ఉద్యోగం కోల్పోయిన 1,047 మంది ఇరవై ఏళ్ళు పోరాడి, 2010లో రాజీ సాధించారు. అప్పటికి వారిలో కొందరు ఈ లోకంలోనే లేరు. షింకాన్‌సెన్‌ను చూసి ప్రైవేటీకరణ ఫలమని పొగిడేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆ రైలును నిర్మించి, 1964 నుండి 23 ఏళ్ళు నడిపినది ప్రభుత్వ రైల్వేయే.

పనిగంటల మాటతో ముగిస్తాను. అధిక శ్రమతో చనిపోవడానికి ఆ భాషలో 'కరోషి' అని ప్రత్యేక పదమే ఏర్పడింది. దానిని నివారించడానికి 2014లో చట్టం చేశారు. 2019 నుండి ఓవర్‌టైముకు సాధారణ పరిమితి నెలకు 45 గంటలుగా విధించారు. అనగా జపాను గంటలను తగ్గించుకుంటున్న కాలంలో మనల్ని 70 గంటలకు పొమ్మంటున్నారు! ఇది చెప్పడానికి జంషెడ్‌పూర్ కన్న తగిన స్థలం లేదు. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో 1912లోనే 8 గంటల పనిదినం అమలైంది. జపానులో అది 1947లో చట్టమైంది. 1920లో ఈ ఊరి కార్మికులు సమ్మె చేసి సంఘం పెట్టుకున్నారు. ఖరగ్‌పూర్‌లో 1927-28 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే పోరాటానికి నాయకత్వం వహించిన వి.వి. గిరిగారు మన తెలుగువారే. కాబట్టి పనిగంటల విషయంలో మనం ఎవరికీ శిష్యులం కానక్కరలేదు.

సిగ్నలును చూపి పలకడం నేర్చుకుందాము. అలసిన సహోద్యోగిని పలకరించడం నేర్చుకుందాము. పొరపాటు చేసినవాని పాదాల ముందు సరైన జత ఉంచడం నేర్చుకుందాము. భయపెట్టి చేయించే క్రమశిక్షణను, కోటాలను, కరోషిని అక్కడే వదలివేద్దాము. రేపటి నుండి ఏ అధికారియైనా "జపానును చూడండి" అంటే, "చూశామండీ, అమగసాకిని కూడా చూశాము" అని వినయంగా బదులు చెప్పండి.

రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఈ సభకు వచ్చినవారు మీలో అనేకులున్నారు. మీరు అలసిపోయారు. మీకు నా కృతజ్ఞతాపూర్వక నమస్కారములు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!