ఇల్లే ఆఫీసైతే ఏమేం కావాలి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1999 పదో తరగతి బ్యాచ్. వారంలో రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసుకు పోతాను, మూడు రోజులు నల్లగొండలో ఇంటి నుంచే పని చేస్తాను. 2020 మార్చి లాక్‌డౌన్‌తో మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు మనలో చాలామంది ఇళ్లల్లో కొడుకో, కోడలో, బిడ్డో ఇట్లనే పని చేస్తున్నారు. "ఏ వస్తువులు కొనుక్కోవాలో, ఏవి అక్కర్లేదో పావుగంటలో చెప్పు" అని కార్యదర్శి గారు నాకీ పని అప్పజెప్పారు.

ముందుగా ఒక మాట. ఇల్లే పనిచోటు కావడం మన జిల్లాకు కొత్త కాదు. పోచంపల్లిలో, పుట్టపాకలో, అటు పాలమూరు వైపు నారాయణపేటలో, గద్వాలలో ఎన్ని తరాలుగా ఇల్లే కార్ఖానా! మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు. ఆ గుంట ఎందుకో ఆలోచించండి. కాళ్లు గుంటలోకి వేలాడాలి, పాదాలు తొక్కుడు పలకల మీద ఆనాలి, చేతులు నేత దగ్గరికి సులువుగా అందాలి. అంటే మనిషి కూర్చునే ఎత్తును బట్టి పనిచోటు తయారైంది. ఇవ్వాళ కంపెనీలు పెద్ద పేరు పెట్టి అమ్మే కుర్చీల వెనకున్న లెక్క కూడా ఇదే.

ఇంటి పనికి పనికొచ్చే పరికరం అంటే ఏమిటో చెప్పడానికి మన దగ్గరి మనిషి ఒకాయన ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు. చీరకు చిటికి కట్టి రంగులు అద్దే ముందు నూలును ఆసు పోయాలి. ఒక పక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుస మేకులు. వాటి మధ్య దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. వాళ్ల అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, చిన్న తరగతుల్లోనే చదువు ఆగిపోయిన ఆ మనిషి ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. మా అమ్మ కూడా ఆసు పోసిన మనిషే, కనుక ఆ యంత్రం విలువ మా ఇంట్లో ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఆయన దుకాణంలో ఏముందో చూసి మొదలుపెట్టలేదు. ఒళ్లు ఎక్కడ నొస్తుందో చూసి మొదలుపెట్టారు. మీరూ అట్లనే మొదలుపెట్టండి. ముందు వారం రోజులు పని చేసి చూడండి. పని ఎక్కడ ఆగుతున్నది, ఒళ్లు ఎక్కడ నొస్తున్నది అని కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే పైసలు తీయండి.

మొదటిది కూర్చునే తీరు. ల్యాప్‌టాప్‌లో తెర, అక్షరాల పలక రెండూ అతుక్కుని ఉంటాయి. చేతులకు సరిపోయే ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కళ్లకు సరిపోయేటట్టు పెడితే చేతులు పైకి లేస్తాయి. అందుకని ల్యాప్‌టాప్‌ను స్టాండు మీదికి ఎక్కించండి, విడిగా కీబోర్డు, మౌస్ పెట్టుకోండి. తెర పైఅంచు కంటికి సమానంగా, మీకు చేయి చాచినంత దూరంలో ఉండాలి. స్టాండు కొనలేకపోతే నాలుగు పాత పుస్తకాలు చాలు. కీబోర్డు, మౌస్ మాత్రం కొనాల్సిందే. కుర్చీలో నడుము దగ్గర ఆసరా ఉండాలి, మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి, పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కింద ఒక పీట వేసుకోండి. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన జిల్లా మనది. నడుము విలువ మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కళ్లకు ఏ పరికరమూ కొనక్కర్లేదు. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతల ఉన్నదాన్ని, ఇరవై సెకన్లు చూడండి. మా ఇంట్లో నాకది ఎదురింటి వేపచెట్టు.

రెండోది కరెంటు. ఇక్కడ మా సైన్స్ సార్ బోర్డు మీద రాసిన సూత్రం గుర్తు చేసుకోవాలి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1800 వాట్ అవర్లు. అందులో నష్టాలు పోగా, బ్యాటరీ మొత్తం ఖాళీ కాకుండా చూసుకోగా, చేతికొచ్చేది సుమారు 1200 అనుకోండి. ల్యాప్‌టాప్‌కు 65, రౌటర్‌కు 12, ట్యూబ్‌లైటుకు 20, పాత సీలింగ్ ఫ్యానుకు 75 వాట్లు. మొత్తం 172. అంటే ఏడు గంటలు. అదే ఫ్యాను స్థానంలో 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే తొమ్మిది గంటల పైమాట. ఇది కొత్త బ్యాటరీ లెక్క. పాతబడే కొద్దీ తగ్గుతుంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోవడం, గాలి ఆడే చోట పెట్టడం మరిచిపోవద్దు.

ఇన్వర్టర్ లేనివాళ్లకు, ఉన్నా అది రౌటర్ ఉన్న గదికి కలపనివాళ్లకు, రౌటర్‌కు పెట్టే మినీ యూపీఎస్ అని అరచేతిలో పట్టే పెట్టె ఒకటి దొరుకుతుంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో నడుస్తుంది, ఆగేది రౌటరే. ఈ పెట్టె దాన్ని కొన్ని గంటలు నిలబెడుతుంది. కొనే ముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూసి, సరిపోయేదే తీసుకోండి.

స్పైక్ గార్డ్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకు ఒక మాట. ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోతే అది చాలావరకు అలంకారమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. మన రాతినేలలో ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గులు పీకేయడాన్ని మించిన రక్షణ లేదు.

మూడోది ఇంటర్‌నెట్. పాత ఇళ్ల రాతిగోడలు వైఫైని ఆపేస్తాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ అనేది వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటలేదు, 2.4 అనేది దూరం పోతుంది కానీ వేగం తక్కువ. పని గది దూరమైతే పది గజాల ల్యాన్ కేబుల్ తెచ్చి గోడ వెంట లాగించండి. ఖరీదైన కొత్త రౌటర్ కన్నా అది నమ్మకం. ఫైబర్ తెగిన రోజుకు వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్‌లో ఉండాలి. వీడియో మీటింగ్ గంటకు సుమారు ఒక జీబీ తింటుంది, ఆ లెక్కన రీఛార్జ్ చేసుకోండి.

నాలుగోది చప్పుడు. ఇది చాలామందికి తెలియని సంగతి. చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు అని అమ్మేవి మీ చెవిలో పడే చప్పుడును తగ్గిస్తాయి. మీ ఇంటి కుక్కర్ కూత అవతలివాళ్లకు వినబడకుండా చూసేది మైకు పని. అందుకని నోటి దగ్గరికి వచ్చే కాడ మైకు ఉన్న హెడ్‌సెట్ తీసుకోండి. ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డా మీ మాట పోదు. వెలుతురు సంగతి కూడా అంతే. కిటికీ వెనక ఉంటే మీ ముఖం నల్లగా కనబడుతుంది, ఎదురుగానో పక్కనో ఉంటే గుండ్రటి లైట్లేవీ అక్కర్లేదు. రంగులు మెరిసే కీబోర్డు, కప్పును వేడిగా ఉంచే పళ్లెం, ఇవన్నీ సరదా. పైసలు మిగిలితే చూసుకోవచ్చు.

ఇదంతా చిన్న విషయంగా అనిపించవచ్చు. మా మేనకోడలి సంగతి చెప్తాను. పెళ్లయి దేవరకొండ వైపు పల్లెలో అత్తగారింట్లో ఉంటుంది. చంటిపిల్ల తల్లి. మీటింగుల మధ్యలో మాట తెగిపోతున్నదని ఆమె పని చేసే కంపెనీ వాళ్లు నెల గడువు పెట్టారు. లేకపోతే రోజూ హైదరాబాద్ రావాలన్నారు. చంటిదాన్ని వదిలి అంత దూరం రోజూ పోయి రావడం అయ్యే పని కాదు, అంటే ఉద్యోగం మానడమే. "మామా, నాలుగేళ్లు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం వైరు కోసం పోతదా?" అని ఫోన్‌లో ఏడ్చింది. నేను, అల్లుడు కూర్చుని చూశాం. రౌటర్ ముందు గదిలో, ఆమె వెనక గదిలో, మధ్యలో రెండు రాతిగోడలు. రోజుకు రెండు మూడుసార్లు కరెంటు పోయి రావడం. ఒక ల్యాన్ కేబుల్, ఒక మినీ యూపీఎస్, ఒక కాడ మైకు హెడ్‌సెట్, ఇంకో కంపెనీ సిమ్. అంతే కొన్నాం. గడువు దాటి ఏడాదిన్నర అయింది, ఉద్యోగం నిలబడింది.

ఇంకొకటి కూడా చేశాం. దానికి పైసా ఖర్చు కాలేదు. ఆమె మీటింగ్‌లో ఉన్నప్పుడు తలుపు గొళ్లేనికి ఎర్ర గుడ్డ కట్టాలని అత్తగారితో మాట్లాడుకున్నాం. "ఇంట్లనే ఉన్నవు గదా" అని మధ్యలో పిలిచే మాటకు అక్కడితో అడ్డుకట్ట పడింది. ఇప్పుడు ఆ గుడ్డ చూసి పాలవాడు కూడా మెల్లగా మాట్లాడతాడట. ఏ దుకాణంలోనూ దొరకని పరికరం అది. ఇంట్లో కూర్చుని చేసినా పని పనే అని ఇంటిల్లిపాది ఒప్పుకుంటేనే పనిచేస్తుంది.

ఇక కమిటీ పెద్దలకు నా మనవి. 2023లో నల్లగొండలో ఐటీ టవర్ వచ్చింది, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ వచ్చింది. సంతోషమే. కానీ పల్లెలో ఉన్న ఆడపిల్లకు జిల్లా కేంద్రం కూడా దూరమే. మన సంఘానికి బస్టాండు దగ్గర ఒక గది ఉంది. నెలకోసారి మీటింగ్‌కు తెరుస్తాం, మిగతా రోజులు తాళం. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టాలనుకుంటున్నారు. కట్టండి, మా పేర్లు చూసుకుని మేమూ మురిసిపోతాం. దాన్ని కొంచెం చిన్నగా కట్టి, మిగిలిన పైసలతో ఆ గదిలో ఎనిమిది మంచి కుర్చీలు, బల్లలు, ఒక ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు, ఒక ఫైబర్ కనెక్షన్, సరైన ఎర్తింగ్ పెట్టిద్దాం. కరెంటు పోయినప్పుడు, ఇంట్లో పండగో చావో జరిగినప్పుడు, పరీక్ష ఆన్‌లైన్‌లో రాయాల్సి వచ్చినప్పుడు మన బడి పిల్లలెవరైనా వచ్చి కూర్చునేటట్టు చూద్దాం. ఇన్వర్టర్, వైరింగ్ పని దగ్గరుండి చేయించే బాధ్యత నాది. నెలనెలా ఇంటర్‌నెట్ బిల్లు మా 1999 బ్యాచ్ కడుతుంది, అందరినీ అడిగే వచ్చాను.

పాలమూరు నుంచి, దేవరకొండ నుంచి పని వెతుక్కుంటూ మూటాముల్లె సర్దుకుని బస్సెక్కిన తరాలు మనవి. ఇప్పుడు కొందరికైనా పనే ఇంటిదాకా వస్తున్నది. వచ్చిన పని ఒక వైరు దగ్గర, ఒక గోడ దగ్గర ఆగిపోకుండా చూసుకుందాం. గది తాళం చెవి కార్యదర్శి గారి దగ్గరే ఉంది. ఈ సభ అయిపోయాక పది నిమిషాలు అందరం కలిసి పోయి ఆ గది చూసి వద్దామని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.