కోపానికి దారి చూపించేదెవరు?

(బాలానగర్‌లో జరిగిన స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆర్థిక ఇబ్బందులకూ, నియంతలు గద్దెనెక్కడానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. బాలానగర్‌లో ఈ మాట ఎత్తడానికి వేరే దేశం దాకా పోనక్కర్లేదు. సోవియట్ సహకారంతో 1961లో ఏర్పడిన ఐడిపిఎల్ సంస్థ మందుల కర్మాగారం ఇక్కడే ఉండేది. దాని చుట్టూ కాలనీలు లేచాయి, చిన్న చిన్న వర్క్‌షాపులు బతికాయి. 1992లో ఆ సంస్థను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. ఆ దశాబ్దంలోనే ఇక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. 2016 డిసెంబరులో సంస్థనే మూసెయ్యాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఈలోగా, 1998లో, ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలో హైటెక్ సిటీ ప్రారంభమైంది. ఇక్కడ పని పోయినవాళ్లకు అక్కడ తలుపు తెరుచుకోలేదు.

పని పోయిన ఇంట్లో కోపం పుడుతుంది. అది న్యాయమైన కోపమే. అయితే కోపానికి తనంత తానుగా దారి తెలియదు. దానికి దారి చూపించేదెవరన్నదే అసలు ప్రశ్న.

అందరూ చెప్పే ఉదాహరణ జర్మనీ. బస్తాడు నోట్లిచ్చినా రొట్టె దొరకని రోజుల్లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడని చాలామంది అనుకుంటారు. ఆ ధరల మంట 1923 నాటిది. ఆ ఏడాది తిరుగుబాటుకు దిగిన హిట్లర్ ఓడిపోయి జైలుకు వెళ్లాడు. 1928 ఎన్నికల్లో నాజీలకు నూటికి మూడు ఓట్లు కూడా రాలేదు. 1929లో ప్రపంచ మాంద్యం మొదలైంది. అప్పటి ప్రభుత్వం జీతాలూ, నిరుద్యోగ భృతీ కోసేసింది. పార్లమెంటును పక్కనబెట్టి అత్యవసర ఉత్తర్వులతో పాలించింది. 1932 నాటికి నిరుద్యోగులు దాదాపు 60 లక్షలు. నాజీల ఓట్లు 1930లో 18 శాతానికి, 1932 జులైలో 37 శాతానికి పెరిగాయి.

ఇంతకీ ఎవరు వేశారా ఓట్లు? పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపే వెళ్లారు. నాజీలకు పట్టు దొరికింది చిన్న వ్యాపారుల్లో, రైతుల్లో, గుమాస్తాల్లో. వాళ్లు అప్పటికి పూర్తిగా చితికిపోలేదు, రేపు చితికిపోతామేమోనని వణికినవాళ్లు. ఆకలి కన్నా దిగజారిపోతామన్న భయం నియంతకు ఎక్కువ పనికొచ్చింది. అయినా 1932 నవంబరులో నాజీల ఓట్లు 33 శాతానికి పడిపోయాయి. ఓట్లు తగ్గుతున్నవాడిని 1933 జనవరి 30న ఛాన్సలర్ పీఠం మీద కూర్చోబెట్టింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, ఆయన చుట్టూ ఉన్న పెద్దమనుషులు. అతన్ని అడ్డుపెట్టుకుని కార్మికుల్ని అణచవచ్చనీ, తర్వాత అతన్ని తాము అదుపులో పెట్టుకోవచ్చనీ అనుకున్నారు. ఎదిరించవలసిన వామపక్షాలు రెండూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూ కూర్చున్నాయి. ఆ మే 2న కార్మిక సంఘాల కార్యాలయాలన్నీ నాజీలు ఆక్రమించుకున్నారు.

ఈ కథలో మనం ప్రత్యేకంగా గమనించవలసింది ఒకటుంది. మాంద్యం రోజుల్లో మొదట వేలెత్తి చూపించినవాళ్లలో పెళ్లయిన ఉద్యోగినులున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు సంపాదించడం అన్యాయమన్నారు. పెళ్లయిన ప్రభుత్వోద్యోగినుల్ని తొలగించడానికి వీలు కల్పించే చట్టం 1932 మేలోనే, హిట్లర్ రాకముందే వచ్చింది. నాజీలు 1933లో పెళ్లి అప్పు పథకం పెట్టారు. వెయ్యి మార్కుల వరకూ ఇస్తారు, భార్య ఉద్యోగం మానెయ్యాలి. పుట్టే ఒక్కో బిడ్డకూ అప్పులో పావు వంతు మాఫీ. నిరుద్యోగం అంకెలు తగ్గించే భారం ఆ విధంగా స్త్రీల మీద కూడా పడింది.

ఇక మన హైదరాబాదు సంగతి. 1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ నాయకుడయ్యాడు. సంస్థానంలో వెట్టి, లెవీ ధాన్యం, జాగీర్దార్ల పాలన. పేద ముస్లింకు కూడా భూమి లేదు. కానీ ప్రతి ముస్లిమూ రాజేనన్న "అనల్ మాలిక్" నినాదం ఉంది. రజ్వీ దానికి ఆయుధం జోడించాడు. పొలం దొరకని మనిషికి మాటల్లో కిరీటం దొరికింది. రజాకార్లు దాడులు చేసింది సంఘంలో చేరిన పల్లెల మీద. ఆ దాడుల్లో హిందూ దేశ్‌ముఖులు కొందరు వాళ్లకు అండగా నిలబడ్డారు. దొరతనానికి మతం అడ్డు రాలేదు. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది. రజ్వీ చేసినదానికి మూల్యం చెల్లించింది సామాన్య ముస్లింలు. తక్కువలో తక్కువగా లెక్క వేసినా 27 నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ముందు రజాకార్ల చేతుల్లో, తర్వాత ప్రతీకారం పేరిట, రెండుసార్లూ స్త్రీల శరీరాలే యుద్ధభూములయ్యాయి.

ఇబ్బందులు వచ్చినంత మాత్రాన ఇదే జరగాలని లేదు. ఇక్కడి కర్మాగారాన్ని ఖాయిలా అన్న 1992వ సంవత్సరంలోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి కూలి స్త్రీలు సారా దుకాణం మూయించారు. కూలి డబ్బులు సారాకి పోతున్నాయి, పిల్లలు పస్తులుంటున్నారు. వాళ్ల కోపాన్ని కూడా ఎవరైనా మరో కులం మీదికో, మతం మీదికో మళ్లించి ఉండవచ్చు. కానీ వాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్నారు. ఈ సారా ఎవరు అమ్ముతున్నారు, వేలం డబ్బు ఎవరికి పోతోంది అని అడిగారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధాన్ని 1997లో సడలించారు. అది నిలవకపోయినా ఆ ప్రశ్న నిలిచింది. అదే 1992 డిసెంబరులో అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చారు. దేశం ఒకటే, కాలం ఒకటే. కోపాన్ని పట్టుకున్న చేతులు వేరు.

ఇప్పుడు బాలానగర్ షెడ్లలో బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. "వీళ్లొచ్చి మన కూలి రేటు పడగొట్టారు" అనే మాట మీరూ వినే ఉంటారు. రేటు నిర్ణయించేది వాళ్లా, కాంట్రాక్టరా? ఒకే పనికి మగవాళ్లకో రేటు, మనకో రేటు పెట్టింది ఏ వలస కూలీ?

కాబట్టి, మన కష్టాలు తీరుస్తానంటూ ఏ నాయకుడు బస్తీకి వచ్చినా మూడు సంగతులు చూడండి. మన కష్టానికి కారణమెవరంటే నిర్ణయాలు చేసినవాళ్ల పేర్లు చెబుతున్నాడా, పక్కింటివాళ్ల పేర్లు చెబుతున్నాడా? స్త్రీల ఉద్యోగం గురించి, చదువు గురించి ఏమంటున్నాడు? తనని నిలదీసే సంఘాన్ని ఉండనిస్తాడా? ఈ ప్రశ్నలు ఒంటరిగా అడగడం కష్టం. యూనియనో, మహిళా సంఘమో, కనీసం వారానికోసారి కలిసి కూర్చునే పదిమందో ఉంటే అడగగలుగుతాం. అలాంటి చోటు లేని బస్తీలో కోపానికి దారి చూపించడానికి మరొకడు వస్తాడు. మన చోటును మనం కాపాడుకుందాం.