ఉత్ప్రేరకం ఏం చేస్తుంది? ఏం చేయదు?



హిందూపురం, మడకశిర, కోలారు, ముళబాగిలు వైపు ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే బెంగుళూరు చిక్కపేటకు ఒక ప్రయాణం తప్పదు. పట్టుచీరల కోసం ఆ ఇరుకు వీధుల్లో తిరిగినవారు మీలో చాలామందే ఉంటారు. ఈవేళ అక్కడి చీరల కొట్టు ఒకదాన్ని ఊహించుకుని, ఇంటర్‌లోనూ పి.యు.సి.లోనూ మన పిల్లల్ని తికమకపెట్టే రెండు మాటల గురించి చెప్పుకుందాం. ఒకటి రసాయన సమతాస్థితి, రెండోది ఉత్ప్రేరకం.

ఉదయం కొట్టు తలుపు తీశారు. లోపల ఎవరూ లేరు కనుక వచ్చేవాళ్లే గాని పోయేవాళ్లు లేరు. లోపల జనం పెరిగేకొద్దీ బయటికి వచ్చేవాళ్లూ పెరుగుతారు. 11 గంటలయ్యేసరికి నిమిషానికి 10 మంది లోపలికి, 10 మంది బయటికి. ఎప్పుడు లెక్కపెట్టినా లోపల 300 మందే. ఎదుటి అరుగు మీద కూర్చుని చూసేవారికి అంతా నిలకడగా ఉన్నట్టే ఉంటుంది. మనుషులు మాత్రం మారిపోతూనే ఉన్నారు. సమతాస్థితి అంటే ఇదే. చర్య ఆగిపోలేదు. పురోగామి చర్య వేగం, తిరోగామి చర్య వేగం సమానమయ్యాయి, అంతే. సమానమైనవి వేగాలు గాని పరిమాణాలు కావు. కొట్లో 300 మంది ఉంటే వీధిలో 3000 మంది ఉండవచ్చు. పిల్లలు తడబడే మొదటి చోటు ఇది.

ఇక రెండో చోటు. కొట్టు యజమాని తలుపు రెట్టింపు వెడల్పు చేయించాడనుకోండి. ఇప్పుడు నిమిషానికి 20 మంది వస్తారు, 20 మంది పోతారు. లోపల ఎంతమంది? మళ్లీ 300 మందే! కాకపోతే 11 గంటలకు నిండే కొట్టు పదిన్నరకే నిండుతుంది. ఆ వెడల్పు తలుపే ఉత్ప్రేరకం. అణువులు దాటవలసిన శక్తి గడపను, అంటే ఉత్తేజన శక్తిని, అది తగ్గిస్తుంది. గడప తగ్గితే వచ్చేవారికీ తగ్గినట్టే, పోయేవారికీ తగ్గినట్టే. అందుకే సమతాస్థితి త్వరగా వస్తుంది, దాని స్థానం మాత్రం మారదు. అణువులకు చీరల ఎంపిక, బేరసారాలు ఉండవు కనుక ఈ పోలికను ఇంతకంటే సాగదీయకూడదు.

ఇక్కడ భాష గురించి ఒక మాట. ఉత్ప్రేరకం అనే తెలుగు మాటలో ప్రేరణ ఉంది. వినగానే అదేదో చర్యను ముందుకు తోస్తుందనిపిస్తుంది. కన్నడంలో దీన్నే వేగవర్ధక అంటారు. వేగాన్ని పెంచేది, అంతకుమించి మరేమీ కాదు. ఈ ఒక్క విషయంలో నాకు కన్నడ మాటే నచ్చుతుంది. రెండు భాషలూ వచ్చిన మన సరిహద్దు పిల్లలు ఆ సౌకర్యం వాడుకోవాలి.

ఇప్పుడు కొట్టు వదిలి పొలానికి వద్దాం. మనం వరికీ చెరకుకీ వేసే యూరియా అమ్మోనియా నుంచి వస్తుంది. రామగుండంలో బొగ్గు ఆధారంగా పనిచేసే ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. ముడిసరుకు మారినా అమ్మోనియా పుట్టే చర్య ఒకటే. నత్రజని ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్లు కలిస్తే అమ్మోనియా రెండు పాళ్లు వస్తుంది. చర్యలో వేడి పుడుతుంది. ఏర్పడిన అమ్మోనియా తిరిగి విడిపోతూ కూడా ఉంటుంది.

నాలుగు పాళ్ల వాయువు రెండు పాళ్లవుతోంది కనుక పీడనం పెంచితే అమ్మోనియా వైపు లాభం. వేడి పుడుతోంది కనుక ఉష్ణోగ్రత పెంచితే నష్టం. ఇది లీషాట్లియర్ సూత్రం. 200 అట్మాస్ఫియర్ల పీడనంలో 400 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సమతాస్థితిలో అమ్మోనియా నూటికి 35 పాళ్లకు పైన ఉంటుంది. అదే 500 డిగ్రీలకు పోతే 20కి లోపు పడిపోతుంది. మరైతే చల్లగానే ఉంచవచ్చు కదా? ఉంచితే నత్రజని అణువు కదలదు. దానిలోని బంధం అంత గట్టిది. వాటా ఎక్కువే, కాని అది చేతికి రావడానికి మన జీవితకాలం చాలదు.

ఉత్ప్రేరకం అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. అది వాటాను మార్చదు. కాని అది ఉంటే మరీ ఎక్కువ వేడి అవసరం లేకుండానే పని జరుగుతుంది. వేడి తగ్గించుకోగలిగాం కనుక వాటా పెరిగింది. జర్మనీలో హేబర్ 1909లో ఆస్మియంతో దీన్ని చేసి చూపాడు. ఆస్మియం దొరకడమే అరుదు. మిట్టాష్ బృందం వేలకొద్దీ పరీక్షలు చేసి చివరకు మన ఇనుము దగ్గరికే వచ్చింది. అందులో కొద్దిగా అల్యూమినా, పొటాషియం సమ్మేళనం కలిపారు. బాష్ నేతృత్వంలో 1913లో ఒప్పావులో కర్మాగారం నడిచింది.

ఇంకో ఉపాయం కూడా ఉంది. తయారైన అమ్మోనియాను చల్లబరిచి, ద్రవంగా మార్చి తీసేస్తారు. మిగిలిన వాయువులను మళ్లీ లోపలికి పంపుతారు. గోలీసోడా కొడితే వాయువు పైకి పోతూ ఉంటుంది, నీళ్లలోంచి మరికొంత వస్తూనే ఉంటుంది, చూశారు కదా! ఒక వైపు నుంచి తీసేస్తూ ఉంటే చర్య అటువైపే సాగుతుంది.

పరీక్ష రాసే పిల్లలకు ఒక ప్రశ్న వదులుతాను. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం ఉన్న రెండు పాత్రల్లో ఒకే పాళ్లలో నత్రజని, హైడ్రోజన్ ఉన్నాయి. ఒకదానిలో ఇనుము ఉంది, రెండోదానిలో లేదు. రెండింటినీ సమతాస్థితి వచ్చేదాకా, ఎంతకాలమైనా సరే, ఉంచితే దేనిలో అమ్మోనియా ఎక్కువ? చిక్కపేట కొట్టు తలుపును తలుచుకుని జవాబు రాయండి.