ముడి ఎవరు విప్పారు?



మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపల మనకు దొరికేది ఒక గంటో గంటన్నరో. ఆ కాస్త తీరికలో నవల పట్టుకు కూర్చుంటే, "మళ్ళీ ఆ నవలేనా? అన్నీ ఒకటే కథ కదా!" అని ఇంట్లో ఎవరో ఒకరు అనక మానరు. కారున్న అబ్బాయి, ఆత్మాభిమానం గల పేదింటి అమ్మాయి, మధ్యలో ఒక అపార్థం, చివర పెళ్ళి. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ కందిపప్పు కూడా అందరిళ్ళలోనూ ఒకటే కదండీ! రుచి మాత్రం వండే చేతిని బట్టి ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడానికే ఈ రోజు మీకొక పందెం చెబుతాను.

ఇరుగుపొరుగున నవలలు చదివేవాళ్ళు నలుగురైదుగురు చేరండి. నవలల్లో మాటిమాటికీ వచ్చే ముడులు ఆరు చీటీల మీద రాయండి: డబ్బున్నవాడు-లేని పిల్ల, పట్నం పిల్ల-పల్లెటూరి అబ్బాయి, ఆలుమగల మధ్య అనుమానం, కులాంతర వివాహం, ఇంటికోసం పెళ్ళి మానుకున్న అక్క, ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలు. నెలకో చీటీ తీయండి. ఆ ముడి ఉన్న నవల తలా ఒకటి చదవాలి. ఒకరు చదివింది ఇంకొకరు చదవకూడదు. నెలాఖరున కలుసుకున్నప్పుడు కథంతా చెప్పక్కర్లేదు. ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే చాలు: ముడి ఎవరు విప్పారు? నాయిక తనే ఆలోచించి విప్పిందా, నాయకుడి డబ్బో మంచితనమో విప్పిందా, లేక ఏ కారు ప్రమాదమో, చేతికి దొరికిన పాత ఉత్తరమో విప్పేసిందా?

మొదటి చీటీయే చూడండి. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' అనగానే ఉద్యోగం చేసుకునే జయంతి, శ్రీమంతుడు రాజశేఖరం గుర్తొస్తారు. 1976లో అది సినిమాగా కూడా వచ్చింది. ఈ ముడి మనవాళ్ళే కనిపెట్టింది కాదు. 1847లో ఇంగ్లండులో షార్లెట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఐర్'లోనూ ఉంది. పెద్ద బంగళాలో పాఠాలు చెప్పడానికి కుదిరిన జేన్‌ను ఆ ఇంటి యజమాని ప్రేమిస్తాడు. తీరా చర్చిలో పెళ్ళి జరగబోతుండగా, అతని మొదటి భార్య బతికే ఉందని బయటపడుతుంది. జేన్ అతని బతిమాలుకోళ్ళకు లొంగక ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. తరువాత ఆమెకు తండ్రి సోదరుడి ఆస్తి కలిసివస్తుంది. అక్కడ బంగళా తగలబడి ఆ భార్య చనిపోతుంది. జేన్ తిరిగి వెళ్ళేనాటికి అతని దగ్గర జీతం పుచ్చుకునే పిల్ల కాదు. మరి ముడి విప్పింది జేన్ పట్టుదలా, ఆ ఆస్తీ అగ్నిప్రమాదమా? దీని మీద ఒక మధ్యాహ్నమంతా వాదించుకోవచ్చు!

రెండో చీటీకి 'మీనా' ఉంది. అదీ యద్దనపూడి గారిదే, 1973లో సినిమాగా వచ్చింది. ఇందులో డబ్బు అమ్మాయి వైపు ఉంది. తక్కెడ అటు మొగ్గితే కథ ఎలా మారుతుందో మీరే చూడండి. అనుమానానికి కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' తీసుకోండి. 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమాకు ఆధారం ఆ నవలే. చెల్లెలిలా చూసుకున్న స్త్రీ గురించి పుట్టిన అనుమానం రెండు సంసారాల్ని ఎలా కలచివేస్తుందో అందులో ఉంది. ఇక కులాంతర వివాహానికి రంగనాయకమ్మ గారి 'బలిపీఠం'. పెళ్ళితో ముడి విడిపోతుందని మనం అనుకుంటాం. అసలు ముడి పెళ్ళయ్యాకే పడుతుందంటారు రచయిత్రి. మిగిలిన రెండు చీటీలకూ నవలలు మీరే వెతకండి, పందెంలో సరదా అదే.

"కాలక్షేపానికి చదివే నవలకు ఇంత విచారణా?" అంటారేమో. మన ఇంట్లో ఎదిగే ఆడపిల్లలున్నారు కదా! నవలలో కాకపోతే సినిమాలోనో, సీరియల్లోనో వాళ్ళూ ఈ కథలే చూస్తున్నారు. చీటికిమాటికి కసురుకునే మగవాడు, అనుమానించి అవమానించేవాడు, ఆఖరి పేజీలో మేలిమి బంగారమైపోతాడు. పుస్తకంలో ఆఖరి పేజీ ఎక్కడుందో మనకు తెలుసు. జీవితంలో ఆ పేజీ కోసం ఒక ఆడపిల్ల ఎన్నేళ్ళని ఎదురుచూడాలి? పుస్తకం లాక్కుంటే ఆమెకు ఈ ప్రశ్న తట్టదు. పక్కన కూర్చుని, "ముడి ఎవరు విప్పారే?" అని అడిగితే తడుతుంది.

అందుకని వాళ్ళనూ పందెంలో చేర్చుకోండి. అటక మీద వారపత్రికల నుంచి కత్తిరించి బైండు చేయించిన పాత సీరియళ్ళుంటే దుమ్ము దులపండి. శాఖా గ్రంథాలయంలో అడగండి. పిల్లలు ఫోనులో చదువుతామంటే అలాగే చదవనివ్వండి. ఇంగ్లీషు నవలలంటే జంకేవాళ్ళకు మాలతీ చందూర్ గారి 'పాత కెరటాలు' ఉంది. పరదేశపు నవలల్ని మన భాషలో చక్కగా పరిచయం చేశారావిడ.

ఆరు నెలలయ్యాక లెక్క చూసుకోండి. నాయిక తన బుద్ధితో ముడి విప్పుకున్న నవలలు ఎన్ని తేలాయో ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ కనబడేలా పెట్టండి. "అన్నీ ఒకటే కథ" అన్నవారికి అదే మన సమాధానం. ఈ వారమే మొదటి చీటీ తీయండి.