ఆశా కార్యకర్త నర్సుగా తిరిగివచ్చినపుడు

(పంచాయతి సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ఉపన్యాస పాఠము)



ఆ మధ్య పర్యటనలో మేము ఒక ఆరోగ్య ఉపకేంద్రమునకు వెళ్ళితిమి. ఆనాడు టీకాల దినము. కొత్తగా వచ్చిన ఏ.ఎన్.ఎం. ఒక పసిబిడ్డకు టీకా వేయబోగా నాయనమ్మ అడ్డుపడినది. "మొన్నటిదాకా పుస్తకము చంకన పెట్టుకొని మా వాకిళ్ళ వెంట తిరిగిన పిల్లవే గదా! నీవు సూది వేయుటేమి? పెద్ద నర్సమ్మను పిలువు" అన్నది.

ఆ యువతి అదే గ్రామమున ఆశా కార్యకర్తగా పనిచేసి, చదువుకొని, తిరిగి అచటికే నర్సుగా వచ్చినది. ఆమె మారుపలుకలేదు. ఆమెతో పూర్వము కలిసి తిరిగిన మరొక ఆశా కార్యకర్త ముందుకు వచ్చి, "ముందు మా మనుమరాలికి వేయమ్మా" అని బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. అది చూచి నాయనమ్మ మెత్తబడినది. ఆనాడు టీకా తప్పలేదు, కాని తప్పియుండవచ్చును. కనుకనే ఈ విషయము మీ ముందుంచుచున్నాము.

ఆశా వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఏర్పడినది. సుమారు 1,000 మంది జనాభాకు ఒక కార్యకర్త. గర్భిణులను ఆసుపత్రికి తోడ్కొనిపోవుట, ప్రసవమైన పిదప 42 దినముల వరకు ఇంటికి పోయి తల్లీబిడ్డలను చూచుట ఆమె పనులు. సూదిమందు వేయుట ఆమె పని కాదు. టీకాలు వేయుట, గర్భిణుల రక్తపోటు చూచుట, ఆశా కార్యకర్తలకు దారి చూపుట ఏ.ఎన్.ఎం. బాధ్యతలు. ఊరు అదే, మనిషి ఆమెయే. బాధ్యత మాత్రము వేరు.

ఈ మెట్టు ఎక్కుట సులభము కాదు. ఏ.ఎన్.ఎం. శిక్షణకు ఇంటర్మీడియట్ చదివియుండవలెను. వయస్సు 35 ఏండ్లు మించరాదు. శిక్షణ రెండేండ్లు, పిదప రాష్ట్ర నర్సుల మండలిలో పేరు నమోదు కావలెను. పదవ తరగతితో ఆగినవారు పని చేయుచునే సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటర్మీడియట్ పూర్తిచేయవచ్చును. ముప్పదేండ్లు దాటినామె "వచ్చే ఏడు చూతము" అనుచు కూర్చున్నచో ద్వారము మూసికొనును. శిక్షణ కాలమున చేసిన పనికి వచ్చు పారితోషికము ఆగిపోవును. ఇంట పిల్లలను చూచువారు కావలెను. చదువు ముగిసినంతనే ఉద్యోగము చేతికి రాదు. నియామక ప్రకటన, అర్హతల క్రమము ఉండును. స్వగ్రామమే దొరకునను హామీ లేదు. ఈ సంగతులన్నియు ఆమెకును, ఆమె అత్తమామలకును ముందే విప్పి చెప్పుట మేలు.

ఇక మీరేమి చేయగలరు? మొదటిది, చదువదలచిన కార్యకర్త ఇంటికి పోయి పెద్దలతో మాటాడుడు. మీ ఒక్క మాట ఆ ఇంట ఎంతో పనిచేయును. రెండవది, ఆమె వెళ్ళిన పిదప ఆ స్థానము ఖాళీగా ఉండనీయకుడు. ఆశా కార్యకర్త ఎంపికలో గ్రామసభకు పాత్ర కలదు. బంధుప్రీతి చూపక తగినవారిని ఎన్నుకొనుడు. మూడవది, ఆమె నర్సుగా తిరిగివచ్చినపుడు గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘ సమావేశమునకు పిలిచి, ఆమె కొత్త బాధ్యతలను పదిమందిలో చెప్పుడు. నాలుగవది, "మనవాళ్ళమే గదా, జ్వరమునకు ఒక సూది పొడువుము" అని ఒత్తిడి చేయకుడు. వైద్యుని ఆదేశము లేని సూది ఆమె ఉద్యోగమునకును, రోగి ప్రాణమునకును ముప్పు.

నర్సుగా వచ్చిన సోదరికి కూడ ఒక మాట. నిన్న నీతో కలిసి నడచినవారికి నేడు నీవు పని చెప్పవలసి వచ్చును. అక్కా అని పిలిచిన నోటితోనే పిలువుము. కాని టీకాల లెక్కలో తప్పు కనబడినచో మొగమాటపడి విడువకుము.

ఆ ఉపకేంద్రము నుండి మేము బయలుదేరు వేళకు ఆ నాయనమ్మ వాకిట నిలిచి, మరల టీకా ఎప్పుడని ఆ అమ్మాయినే అడుగుచున్నది. మీ గ్రామములలో ఈ నమ్మకము కుదురుటకు ఒక బిడ్డ టీకా తప్పువరకు ఆగనక్కరలేదు. ముందుగానే మీరు పూనుకొనుడు.