పొట్టిరాజు కథ: ప్రేక్షకుల తీర్పు

ఒకే చలనచిత్రమును చూచి వచ్చిన నలుగురు నాలుగు విధములుగ మాటాడుట వింత కాదు. కాని పిల్లలకొరకు తీసిన చిత్రమును గూర్చి పెద్దలు అరువది యేండ్లకు పైగా తర్కించుకొనుచుండుట కొంత వింతయే. వాల్ట్ డిస్నీ సంస్థ 1959 జూన్ మాసమున విడుదల చేసిన ‘డార్బీ ఓగిల్ అండ్ ది లిటిల్ పీపుల్’ అట్టి చిత్రము. దానిని చూచినవారి అభిప్రాయములను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా కథ. రాత్‌కల్లెన్ అను ఐర్లండు పల్లెలో డార్బీ అను ముదుసలి జమీందారు తోటను చూచుచుండును. పనికంటె కథలు చెప్పుటయందే యతనికి మక్కువ. లెప్రకాన్లనెడి మోకాలియెత్తు మనుష్యుల రాజగు బ్రయన్‌ను ఒకప్పుడు తాను పట్టుకొంటినని పానశాలలో నలుగురికిని చెప్పుచుండును. జమీందారు డార్బీని కొలువునుండి తప్పించి, డబ్లిన్‌నుండి మైకేల్ అను యువకుని రప్పించును. ఆ సంగతి కూతురు కేటీకి చెప్పుటకు తండ్రికి నోరు రాదు. ఇంతలో పొట్టిరాజు నిజముగనే యతని చేత చిక్కి, మూడు కోరికలు తీర్ప నొప్పుకొనును. నాలుగవది కోరినచో మూడును పోవును.

కడపట కేటీ కొండపై పడి ప్రాణాపాయములో నుండగా, తల లేని సారథి తోలు మృత్యుశకటము ఆకాశమునుండి దిగివచ్చును. కూతురికి మారుగా తన్ను గొనిపొమ్మని తండ్రి మూడవ కోరిక కోరును. బండిలో రాజు పన్నిన యుపాయముచే డార్బీ నోట నాలుగవ కోరిక వెలువడును, కోరికలన్నియు రద్దగును. తండ్రియు కూతురును బ్రతుకుదురు.

ఈ చిత్రమును మెచ్చువారు మొదట చెప్పునది దాని కనికట్టు. పొట్టివాడుగ కనబడవలసిన నటుని కెమెరాకు చాల దూరముగను, డార్బీ వేషధారియగు ఆల్బర్ట్ షార్ప్‌ను సమీపముగను నిలిపి, ఇరువురును ఒకేచోట నున్నట్లు భ్రమ కల్పించిరి. దగ్గరిది, దూరపుది రెండును స్ఫుటముగ పడవలెనన్న విపరీతమైన వెలుతురు కావలెను. నటులు ఒకరినొకరు చూడకయే చూచుచున్నట్లు నటింపవలెను. ఇక ఐర్లండు కొండలు, ఆకాశములు చాలవరకు పీటర్ ఎలెన్‌షా కుంచెనుండి పుట్టినవే. చిత్రీకరణము జరిగినది కాలిఫోర్నియాలో. నేటి గణకయంత్రముల మాయలకు అలవాటుపడిన కన్నులకు గూడ ఆ సభామందిరము నిజమే యనిపించును.

రెండవ తెగవారు ఐర్లండును ప్రేమించువారు. త్రాగుడు, ఫిడేలు, కబుర్లు, మూఢనమ్మకములు తప్ప మా దేశమున మరేమియు లేదా యని వారి ఆక్షేపణ. ఈ ఫిర్యాదును త్రోసిపుచ్చరాదు. డిస్నీ 1940ల ద్వితీయార్ధమునుండియే ఐర్లండు జానపదవాఙ్మయ సంఘమువారితో సంప్రదించెను. కాని తుదకు తీసికొనిన మూలము హెర్మినీ టెంపుల్‌టన్ కావనా అను రచయిత్రి 1903లో ప్రకటించిన కథలు. జానపదుల నమ్మకములో లెప్రకాన్ సాధారణముగ ఒంటరివాడు, చెప్పులు కుట్టువాడు. చిత్రములో వానికి రాజ్యమును, సైన్యమును గలవు.

ఆ కథల పుస్తకము పేరులో నున్నది ‘మంచివారు’ అను మాట. చిత్రము దానిని ‘పొట్టివారు’ అని మార్చెను. ఐర్లండు పల్లెలలో ఆ అదృశ్యజాతిని సూటిగ పేరు పెట్టి పిలువక, వారికి కోపము రాకుండుటకై ‘మంచివారు’ అందురు. రాత్రివేళ పామును పామనక పురుగు అను మన పెద్దలకు ఈ మర్యాద తెలియనిది కాదు. మాట మారుటలో భయము జారిపోయి ముద్దు మాత్రము మిగిలినది.

అయితే ఆ జారిన భయము చిత్రము చివర తిరిగి వచ్చును. మూడవ తెగవారి వివాదమంతయు దీనిమీదనే. ఆకుపచ్చని వెలుగుతో ఏడ్చుచు వచ్చు బాన్‌షీని, తల లేని సారథిని చూచి బాల్యమున నిద్ర పట్టలేదని చెప్పువారు అనేకులు. కుటుంబమంతయు చూడవలసిన చిత్రములో ఇంత భీతి యేల యని కొందరు తలిదండ్రులు ప్రశ్నింతురు.

నిజమునకు జానపదుల బాన్‌షీ చంపునది కాదు. కొన్ని వంశములను అంటిపెట్టుకొని, వారిలో నొకరికి చావు సమీపించినప్పుడు ముందుగ శోకించునది. ఆమెను రక్కసివలె చూపుట చిత్రము చేసిన పొరపాటని నా తలంపు. కాని మృత్యుశకటమును తీసివేయవలెనను వారితో నేను ఏకీభవింపలేను.

దానికి కారణము నా మనుమరాలు. ఈ చిత్రమును ఇంటిలో చూచిన రాత్రి ఆమె నా ప్రక్కన చేరి, “తాతయ్యా, ఆ బండి మన వీధిలోకి కూడా వస్తుందా?” అని అడిగెను. రాదనుట అబద్ధము; వచ్చుననుట కఠినము. “అది ఎవరికోసం వచ్చింది, ఎవరు ఎక్కారు?” అని నేను తిరిగి యడిగితిని. కొంతసేపు ఆలోచించి, “కేటీ కోసం వచ్చింది. వాళ్ల నాన్న ఎక్కాడు” అనెను. మరి యేమియు అడుగక నిద్రపోయెను.

ఆ బండి లేనిచో డార్బీ కడవరకు కబుర్లరాయుడే. అంతవరకు తన కొలువు పోయిన మాట కూడ కూతురికి చెప్పలేకపోయిన పిరికివాడు, ఆ బండిని చూచిన క్షణమున తండ్రి యగుచున్నాడు. కోరికలు తీర్చు రాజులు పిల్లల చిత్రములలో కొల్లలు. కోరికకు ఇంత వెల చెల్లించు తండ్రి అరుదు. భయమును తీసివేసినచో ఆ వెలయు కనబడదు.

కావున పిల్లలకు ఈ చిత్రమును చూపవచ్చునా యని యడుగువారికి నా సమాధానము: చూపుడు, కాని వారిని పెట్టెముందు వదలి మీ పనికి మీరు పోకుడు. బాన్‌షీ ఏడ్చు వేళకు వారి ప్రక్కన కూర్చుండుడు. తరువాత వారడుగు ప్రశ్నకు బదులు చెప్పుటకు ఇంటిలో పెద్దవారొకరు మేలుకొని యుండవలెను.