ముందు వైద్యం, ఆ తర్వాతే విచారణ
(సరూర్‌నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2022 మే నెలలో ఇదే సరూర్‌నగర్‌లో, ముస్లిం యువతిని పెళ్లాడిన ఒక దళిత యువకుణ్ణి నడిరోడ్డుపై హతమార్చారు. ఆమె సోదరుడే నిందితుడిగా అరెస్టయ్యాడు. ఎంత వేడుకున్నా సాయానికి ఎవరూ రాలేదని ఆమె విలపించింది. ఆ హత్యను ఖండించకుండా ప్రాణరక్షణ గురించి మాట్లాడే అర్హత మనకు లేదు.

బాటసారికి అది మానవధర్మం. పోలీసుకు చట్టబద్ధమైన విధి. ప్రాణం కాపాడడమే ముఖ్యమనీ, కాగితాల తంతు అందుకు అడ్డు కారాదనీ పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయినా 2018 జూలైలో రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో, మూకదాడిలో గాయపడిన ముస్లిం పాడిరైతును సుమారు 6 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి చేర్చడానికి పోలీసులకు దాదాపు 3 గంటలు పట్టిందని పత్రికలు రాశాయి. అప్పటికే ఆయన మరణించాడు.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2023 జనవరి చివర గొలుసు దొంగతనం అనుమానంతో మెదక్ పోలీసులు ఒక ముస్లిం కూలీని పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని ఆయనే ఆరోపించాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. హైకోర్టు ఈ ఉదంతాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

అందుకే ఈ చట్టాలు ప్రతి ఇంటికీ తెలియాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన వెంటనే వైద్యపరీక్ష జరగాలి. గాయాలు నమోదు చేసిన నివేదిక ప్రతిని నిందితునికి గానీ, అతను సూచించిన వ్యక్తికి గానీ ఇవ్వాలి. మహిళలను మహిళా వైద్యాధికారి గానీ, ఆమె పర్యవేక్షణలో గానీ పరీక్షించాలి. నిందితుని ఆరోగ్యం, భద్రత కస్టడీలో ఉంచుకున్నవారి బాధ్యతేనని 56వ సెక్షన్ చెబుతుంది. నిర్బంధంలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు వైద్యపరీక్ష జరపాలని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించిన కేసులో, వైద్యసాయం అందించనందుకు ముగ్గురు పోలీసులను 2022లో జ్యూరీ దోషులుగా తేల్చింది. కొట్టడం మాత్రమే కాదు, కొన ఊపిరితో ఉన్నవాణ్ణి ఉపేక్షించడమూ నేరమేనని ఆ తీర్పు చాటింది.

మనవారిని స్టేషన్‌కు తీసుకెళ్లారని తెలియగానే న్యాయవాదితో కలిసి వెళదాం. వైద్యపరీక్ష నివేదికను లిఖితపూర్వకంగా అడుగుదాం. గాయాలుంటే 24 గంటల్లోపు హాజరుపరచే మేజిస్ట్రేట్ ఎదుటే చెప్పిద్దాం. ఈ హక్కు మన ఒక్కరిదే కాదు. పక్కింటి దళితుడిని తీసుకెళ్లినా, గిరిజనుడిని తీసుకెళ్లినా ఇలాగే కదులుదాం.